సాయంత్రం నాలుగింట సముద్రపుటూళ్లో

1987 ఆగస్టు రెండు, ఆదివారం. సముద్రపొడ్డున గొడుగు కింద కూర్చుని బ్రెడ్డు పొడి అద్ది వేయించిన మాంసం, బంగాళాదుంపల ఆమ్లెట్, పుచ్చకాయ తిన్నాం. ఇంత బాగా ఎందుకు గుర్తుందంటే, ఆ రోజు ప్రతి ముద్దనూ అనుమానంతో నంజుకుని తిన్నాను.

మాది ఎసిహా. మా దేశానికి దక్షిణాన, అండలూసియా మొత్తానికీ పెనంలా కాలే ఊరు. అయినా నా భార్య ఎన్‌కార్నా ఇరవై ఆరేళ్ల కాపురంలో ఒక్కసారీ సముద్రానికి పోదామనలేదు. ఆమెకు ఇసుకంటే ఒళ్లుమంట. అలాంటి మనిషి పేట సంఘం బస్సులో తనే రెండు సీట్లు రాయించింది. ఎక్కడికి? చప్పుడంటే ఎరగని ఓ చిన్న రేవుకి. మా పెళ్లికి ముందు తిరునాళ్లలో ఆమెతో మూడు పాటలకు నాట్యమాడిన ఫెర్మీన్ అక్కడే లైట్‌హౌస్ కాపలాదారు.

శనివారం జుట్టు దువ్వించుకుని వచ్చింది. ఆదివారం తెల్లవారుజామున రెండు ఆమ్లెట్లు చేసింది. ఒకటి మా బుట్టలో పెట్టి, రెండోది తెల్లటి గుడ్డలో విడిగా మూట కట్టింది.

"అది ఎవరికి?" అన్నాను.

"ఎవరికి దక్కాలో వాళ్లకి."

అప్పటికి నాకు యాభై మూడేళ్లు. పిల్లలకు లాటిన్ చెప్పేవాణ్ణి. గుండె నీరసంగా ఉంది, రోజూ గంటసేపు నడవమని డాక్టరు చెప్పి రెండు నెలలైంది. సోమవారం మొదలుపెడతానన్నాను. ఏ సోమవారమో చెప్పలేదు.

భోజనాలయ్యాక ఎన్‌కార్నా తనకు నిద్ర రావడం లేదనీ, అలా తిరిగొస్తాననీ చెప్పి మూట పట్టుకుని లేచింది. నేను ముందే పథకం వేసుకున్నాను. కళ్లు మూసుకుని గురక పెట్టాను. నా సొంత గురక కన్నా బాగా పెట్టాను. ఆమె మలుపు తిరగగానే రబ్బరు చెప్పులు వేసుకుని వెనకాలే బయల్దేరాను.

మా దేశంలో ఆగస్టు నెలలో సాయంత్రం నాలుగింటికి మర్యాదస్తులందరూ కిటికీ తెరలు దించుకుని పడుకుంటారు. వీధిలో కుక్క కూడా లేదు. దాక్కోవడానికి ఓ మనిషి నీడైనా లేదు. ఒక గోడవార నక్కానో లేదో, తెర వెనక నుంచి ముసలి గొంతు పలకరించింది.

"ఎవరింటికి, నాయనా?"

మందుల షాపు వెతుకుతున్నానన్నాను. ఆదివారం తీయరంది. నాలుగిళ్లు దాటానో లేదో ఇంకో తెర వెనక నుంచి మరో గొంతు: "మందుల షాపన్నది ఇతనేనా?"

కబురు నాకన్నా ముందు నడుస్తోంది. ఎన్‌కార్నా మాత్రం మెట్లెక్కింది, చర్చి చుట్టూ తిరిగింది, రేవుకు దిగింది, మళ్లీ కొండెక్కింది. పైన లైట్‌హౌస్. నా గుండె నోట్లోకి వచ్చింది. ఆమె దాని తలుపు వైపైనా చూడకుండా ముందుకు సాగిపోయి, మళ్లీ ఊరి వీధిలోకి దిగింది. నాకు కాస్త ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఇంకో బెంగ పట్టుకుంది. ఇక్కడ కాకపోతే మరెక్కడ?

అప్పుడే బనియను మీద చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఊరి పోలీసు ఎదురొచ్చాడు. ఏడుగురు ఆడవాళ్లు ఫోన్లు చేసి నిద్ర లేపారట. గుర్తింపు కార్డు అడిగాడు. ఈత నిక్కరులో కార్డెక్కడిది?

"ఏం చేస్తుంటారు?"

"లాటిన్ మాస్టర్ని."

నన్ను ఆపాదమస్తకం చూశాడు. "ఇక్కడేం చేస్తున్నారు?"

"మా ఆవిడ వెనకాల వస్తున్నాను."

"ఆ సంగతి ఆవిడకి తెలుసా?"

ఎన్‌కార్నా వెనక్కి తిరిగి నింపాదిగా నడిచొచ్చింది. ఈయన మీకు తెలుసా అని పోలీసు అడిగాడు.

"మా ఆయన పోలికలున్నాయి," అంది. "కానీ మా ఆయన రొట్టెల కొట్టుకైనా నడవడు. ఈయన గంటా ఇరవై నిమిషాలుగా నడుస్తున్నాడు."

తెరల వెనక వీధి వీధంతా నవ్వింది.

పోలీసు మళ్లీ పడుకోవడానికి వెళ్లాక ఆమె నన్నో బల్ల మీద కూర్చోబెట్టి మూట విప్పింది. ఆమ్లెట్‌లో ఉప్పు లేదు. అది కూడా డాక్టరు మాటేనట. ఫెర్మీన్ సంగతి అడిగాను. పదకొండేళ్ల కిందటే దేశానికి ఆ చివరనున్న గలీసియాకు బదిలీ అయ్యాడట.

"నేను వస్తానని నీకెలా తెలుసు?"

"నీ అసలు గురకలో మధ్యమధ్య ఈల ఉంటుంది." ఆమ్లెట్ నా వైపు జరిపింది. "నడవమని చెబితే వినవు. విధవలు కట్టే నల్లబట్టలు నాకు నప్పవు, సెవెరీనో."

నేను ఉప్పులేని ఆమ్లెట్ అంతా తినేశాను.

ఇప్పుడు ఆ డాక్టరూ లేడు. ఎన్‌కార్నా పోయి ఆరేళ్లయింది. ఆ గుండెతో నేనే మిగిలాను.

ఆ ఆదివారం రాత్రి ఇంటికొచ్చి, బొబ్బలెక్కిన కాళ్లను చన్నీళ్ల తొట్టిలో పెట్టుకుని కూర్చున్నాను. ఎన్‌కార్నా తువ్వాలు ఇస్తూ, రేపు సాయంత్రం ఊరి వంతెన దాకా వెళ్లాలి, అక్కడొకరిని కలవాలి అంది. ఎవరినని అడిగాను.

ఆమె ఎత్తంతా తెలిసినవాణ్ణే. అయినా తడికాళ్లతోనే వంగి, బూట్లు ఎక్కడున్నాయోనని మంచం కింద వెతకసాగాను. ఆమె చూసింది. నేను ఆ రాత్రే బయల్దేరతానేమోనని వెళ్లి, వీధి తలుపు చప్పుడు కాకుండా మూసింది.