ముందు మీరు మార్చండి

పదకొండింటికి అత్తగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఈలోగా ఒక్క అంకె మార్చాలి. ఆ పొద్దున కోడలు పెట్టుకున్న పనులు ఆ రెండే. ఉద్యోగం కాక, ఎనిమిదేళ్లుగా ఆమె సొంతంగా నడుపుతున్న చిన్న ప్యాకేజీ ఒకటుంది. తేదీలు లెక్కకట్టే ఆ ప్యాకేజీని ఎవరి ప్రోగ్రాములో వాళ్లు ఉచితంగా పెట్టుకోవచ్చు. ప్రోగ్రాములు రాసేవాళ్ల లోకంలో ఆమెను తేదీలావిడ అంటారు. రాసిన ప్రోగ్రామును కంప్యూటరు భాషలోకి మార్చే కంపైలర్ పదో వెర్షన్ వచ్చి ఎనిమిది నెలలైంది. 'తొమ్మిది వరకే పనిచేస్తుంది' అని ప్యాకేజీ మీద తానే జాగ్రత్తకు రాసిపెట్టిన హద్దును ఈ మధ్యాహ్నం పన్నెండింటిలోగా పదికి పెంచకపోతే, అందరూ వాడే ఉమ్మడి జాబితాలోంచి ఆ ప్యాకేజీని తీసేస్తారు.

అత్తగారు తొమ్మిదిన్నరకే చెప్పులు వేసుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని కోడలి బల్ల పక్కన కుర్చీలో కూర్చున్నారు.

"ఒక్క అంకేగా అమ్మాయ్, మార్చెయ్."

"మార్చాను అత్తయ్యా. కానీ సరిగ్గా పనిచేస్తోందో లేదో పరీక్ష పెట్టి చూడకుండా బయటికి వదల్లేనుగా. ఆ పరీక్షలు పెట్టే ప్యాకేజీ ఇంకొకావిడది. అది తొమ్మిది దాటి రానని మొరాయిస్తోంది."

"ఆవిణ్ని అడుగు మరి."

అడిగింది. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. 'నేనూ ఇంకొకరి కోసమే ఆగాను. ముందు వాళ్లు మార్చాలి.'

తేదీలావిడకు ఒళ్లు మండింది. 'మీ బద్ధకానికి నా ఎనిమిదేళ్ల కష్టం బలికావాలా?' అని రాసింది. కళ్లు మసకగా ఉన్నాయని అత్తగారు పైకి చదివించుకున్నారు.

"మరీ మెత్తగా ఉంది. గోడకున్న క్యాలెండరైనా నెలకోసారి కదుల్తుంది, మీరు కదలరా అని రాయి."

"బాగోదేమో అత్తయ్యా."

"బాగుండాలనా రాస్తున్నావ్?"

రాసి పంపింది. పదింబావు అయింది, పదిన్నర అయింది. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. పదీ నలభైకి కంటి డాక్టరుకు ఫోన్ చేసి వచ్చే మంగళవారానికి మార్చుకుంది. ఆ పొద్దున మార్చగానే మారింది అదొక్కటే. అత్తగారు మాత్రం చెప్పులు విప్పలేదు.

పదకొండూ ఇరవైకి ఉత్తరం వచ్చింది. పరీక్షలావిడ నుంచి కాదు, పట్టికలు గీసే ప్యాకేజీ నడిపే ఒక పెద్దమనిషి నుంచి. చదువుతూనే తేదీలావిడ కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది.

"ఏం మనిషండీ ఈయన. ముక్కూమొహం తెలియని ఆడమనిషికి ఇలా రాస్తారా?"

"చదువు."

"'మీ బద్ధకానికి మా అందరి కష్టం బలికావాలా? గోడకున్న క్యాలెండరైనా నెలకోసారి కదులుతుంది, మీరు ఎనిమిది నెలలుగా కదలరు. తేదీల ప్యాకేజీ నడిపేవారికి అసలు ఈరోజు తేదీ తెలుసా? ఇప్పటికి రెండు ఉత్తరాలు రాశాను. చేతకాకపోతే ఇంకొకరికి అప్పగించి తప్పుకోండి.'"



"అమ్మాయ్," అన్నారు అత్తగారు మెల్లగా, "ఆ క్యాలెండర్ నాది."

ఎవరి ప్యాకేజీ ఎవరి మీద ఆధారపడిందో తేదీలావిడ వెతికి చూసింది. పరీక్షలావిడ ఫలితాలు చూపించేది పట్టికలాయన గీసే పట్టికలోనట. ఆయన పట్టిక అడుగున తేదీ వేసేది ఈమె ప్యాకేజీతోనట. పొద్దున తాను విసిరిన తిట్టు ఇద్దరి చేతులు మారి, కొత్త తిట్లు కలుపుకుని, తిన్నగా ఇంటికే వచ్చింది. 'తీరిగ్గా చూడవలసినవి' అని తాను పేరు పెట్టుకున్న ఫోల్డర్ తెరిచింది. ఆయన రాసిన రెండు ఉత్తరాలూ అందులో భద్రంగా ఉన్నాయి.

"పరీక్ష పెట్టకుండా ఎలా వదలను అత్తయ్యా? ఏదైనా పాడైతే?"

"ముగ్గురూ గుమ్మంలో నిలబడి 'మీరు ముందు, మీరు ముందు' అనుకుంటే లోపలికెళ్లేదెవరు? నువ్వు నడువు."

పదకొండూ నలభైకి కళ్లు మూసుకుని వదిలింది. అయిదు నిమిషాల్లో పట్టికలాయన మార్చాడు, ఇంకో అయిదు నిమిషాల్లో పరీక్షలావిడ మార్చింది. అప్పుడు పెట్టి చూస్తే పరీక్షలన్నీ నెగ్గాయి. ఎనిమిది నెలలుగా ముగ్గురినీ ఆపిన ఆ హద్దు అవతల మార్చవలసిన అక్షరం ఒక్కటి కూడా లేదు. పన్నెండింటికి వచ్చిన కొత్త జాబితాలో ముగ్గురి ప్యాకేజీలూ ఉన్నాయి.

అత్తగారు అప్పుడు చెప్పులు విప్పారు.

తేదీలావిడ పట్టికలాయనకు రెండు పేరాల క్షమాపణ రాసింది. ఆయనకూ తన కోసం ఆగినావిడ గుర్తొచ్చి సిగ్గేసిందేమో, పరీక్షలావిడకు నాలుగు వాక్యాల క్షమాపణ పంపాడు. సాయంత్రం ఆరింటికి పరీక్షలావిడ నుంచి తేదీలావిడకు ఉత్తరం వచ్చింది.

"చదువు," అన్నారు అత్తగారు.

"'సారీ' అని ఉంది అత్తయ్యా."

దారిలో తిట్టు లావెక్కినంతగా క్షమాపణ ఎందుకో ఒళ్లు చేయలేదు.