బొటనవేలు తెచ్చిన తంటా

ఆ ఉదయం మాంసం కొట్టు యజమాని వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య ఉడికించి ఇచ్చిన చిక్కుడు గింజల్ని తెర వెనక కూర్చుని, ఎవరి కంటా పడకుండా తినేయడం. కాలి బొటనవేలు వంకాయలా వాచిందని చూపిస్తే, డాక్టరు కొన్నాళ్లు మాంసం మానమన్నాడు. తండ్రి కాలంలో జనం వారానికోసారి మాంసం కొనేవారు. ఇప్పుడు రోజూ కొంటున్నారు. ఆయనైతే మూడు పూటలా తింటున్నాడు. ఆ సంగతి ముందుగా వేలికి తెలిసింది.

కుక్కకు ఎముకలడగడానికి వచ్చిన దర్జీ తెర తొలగించి తల లోపల పెట్టాడు.

"ఇదేంటన్నా! ఇంత మాంసం పెట్టుకుని గింజలు తింటున్నావా?"

జబ్బని చెప్పుకోవడానికి ఆయనకు నామోషీ అనిపించింది. "ఏమో, ఇవాళెందుకో తినబుద్ధి కాలేదు" అన్నాడు.

దర్జీ నోట్లో నువ్వుగింజ నానదు. వీధి మొదట్లో "తినబుద్ధి కాలేదట" అన్న మాట, మధ్యకొచ్చేసరికి "తినకూడదట" అయింది, చివరికి చేరేసరికి "తింటే అంతేనట" అయి కూర్చుంది. కొట్టు ముందు ఈగలు తప్ప ఎవరూ మిగల్లేదు. ఎదురుగా బావమరిది చేపల దుకాణం మాత్రం కిటకిటలాడిపోతోంది.

"బావా, ఐసుంటే కాస్త ఇటు పంపు! నీకెలాగూ అక్కర్లేదుగా!" అని అరిచాడు బావమరిది.

ఆయనకు ఒళ్లు మండింది. "నిజం చెప్పేస్తే పోయేదానికి..." అని భార్య అంటున్నా వినకుండా, మూరెడు పొట్టేలు కాలు కాల్పించాడు. కొట్టు ముందు స్టూలెక్కి, అందరూ చూస్తుండగా కొరికాడు. జనం చప్పట్లు కొట్టారు. చేపల దగ్గరున్నవాళ్లలో సగం మంది ఇటు వచ్చేశారు. ఆ ఉత్సాహంలో ఆయన స్టూలు మీంచి దూకాడు, సరిగ్గా బొటనవేలి మీదికి. పెట్టిన కేక వీధి చివరి దాకా వినిపించింది.

"తిన్నాడు, పడ్డాడు!" అన్నాడు దర్జీ. వచ్చినవాళ్లు వచ్చినట్టే పరుగందుకున్నారు.

భార్య పిలిపించగా డాక్టరు వచ్చి వేలు చూశాడు.

"మాంసం ముట్టొద్దని నిన్ననేగా చెప్పాను? ఈ కాలితో గెంతులొకటా?"

జబ్బు ఆయన వేలిదేగానీ కొట్లో మాంసం చెడ్డది కాదని, దూరంగా నిలబడి చూస్తున్న అందరికీ అర్థమైంది. యజమాని ఊపిరి పీల్చుకునేలోగా దర్జీ చెప్పు విప్పాడు. "డాక్టరుగారూ, నా వేలు కూడా కాస్త ఎర్రగా ఉందండీ. చేపలు తినొచ్చా?"

"అవీ తగ్గించాలి."

బావమరిది నవ్వు ఠక్కున ఆగింది. వీధి వీధంతా చెప్పులు విప్పి వేళ్లు చూసుకోసాగింది.

"మరేం తిని బతకాలండీ?" అని గుంపులోంచి ఎవరో అడిగారు.

డాక్టరు నోరు తెరవకముందే యజమాని భార్య కుండతో బయటికొచ్చింది. "గింజలున్నాయి. గిన్నెలు తెచ్చుకోండి!"

సాయంత్రానికి కుండ ఖాళీ. మర్నాడు రెండు కుండలు పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడా వీధిలో మాంసం, చేపలు వారానికొక్కరోజే అమ్ముతున్నారు. మిగతా రోజుల్లో గల్లాపెట్టె దగ్గర ఆవిడ కూర్చుంటే, బావ గింజలు ఉడికిస్తాడు, బావమరిది ఉల్లిపాయలు తరుగుతాడు.

కత్తులు మాత్రం పాతవే.