ముట్టడిలో మదనపల్లె

ఆ పొద్దున హేమంత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టమాటా వేలం మొదలయ్యేలోపు మండీ వెనక ఖాళీ క్రేట్ల చాటున కూర్చుని యుద్ధ చరిత్ర పుస్తకం పది పేజీలు చదవడం, కుప్పంలో టీచరుగా ఉన్న భార్య అశ్వినికి అంతవరకు చదివిన కథ ఫోనులో చెప్పడం. అంతే. అయితే ఈ పుస్తకాల పిచ్చితోనే అతను ఇప్పటికి రెండు ఉద్యోగాలు పోగొట్టుకున్నాడు. మదనపల్లె మండీలో గుమాస్తాగా చేరి నెల కూడా కాలేదు. ఇదీ పోతే పుస్తకాలన్నీ పాత పేపర్లవాడికి వేసేస్తానని అశ్విని ఒట్టు పెట్టుకుంది. అలాగని కథ వినడం మాత్రం మానలేదు.

ఆ రకం పుస్తకాలతో వచ్చిన చిక్కే అది. ఎనభై ఏళ్ల కిందట ఎక్కడో మంచుదేశంలో జరిగిన ముట్టడిని, ఇప్పుడే మన వీధి చివర జరుగుతున్నట్టు చెబుతాయి. హేమంత్ కూడా అలాగే చెప్పాడు.

"దారులన్నీ మూసేసినారు అశ్వినీ! ఒక్క లారీ లోపలికి రాలేదు. ఊర్లో మూడు దినాలకే తిండి ఉండాది!"

క్రేట్లకు అవతల బీడీ ముట్టించబోతున్న హమాలీ మునస్వామి చేతిలో అగ్గిపుల్ల అలాగే ఆరిపోయింది. పరుగున పోయి రైతు రామప్ప చెవిన వేశాడు. రామప్ప పుంగనూరులో ఉన్న తమ్ముడికి ఫోన్ కొట్టి, "లోడు యాడుండాదో ఆడనే ఆపరా!" అన్నాడు. తమ్ముడు తన లారీతోపాటు వెనక వస్తున్న ఆరింటినీ ఆపించి, కుప్పం మార్కెట్లో ఉన్న బావమరిదికి సంగతి చేరవేశాడు.

తొమ్మిదింటికి అశ్విని నుంచి ఫోన్ వచ్చింది. "ఏమండీ, మదనపల్లెకు దారులు మూసేసినారంటనే! ఈడ జనం కూరగాయల మీద పడి కొంటాండారు. నేనూ పది కిలోలు టమాటా తీసుకున్నా. మీరు ఏమన్నా తిన్నారా?"

పొద్దున తను విన్న కథే ఇదని ఆమెకు తట్టలేదు. చెప్పినవాడికీ తట్టలేదు. హేమంత్ బయటికి తొంగి చూస్తే నిజంగానే ఒక్క లారీ లేదు. పుస్తకం చంకన పెట్టుకుని యజమాని గంగప్ప దగ్గరికి పరుగెత్తాడు.

"అన్నా, దారులు మూసేసినారంట! కుప్పం నుంచి ఖాయంగా సెప్తాండారు!"

గంగప్ప అప్పటికే అరగంటగా అదే ఆరా తీస్తున్నాడు. కుప్పానికి పుంగనూరు చెప్పింది. పుంగనూరుకు రామప్ప చెప్పాడు. రామప్ప వేలు మునస్వామి వైపు తిరిగింది. మునస్వామి తల గోక్కుంటూ, "ఈయప్పే కదన్నా, పొద్దున ఫోన్లో వణికిపోతా సెప్పింది" అన్నాడు.

హేమంత్ పుస్తకాన్ని వీపు వెనక్కి దాచుకున్నాడు. మూడో ఉద్యోగమూ పోయినట్టే. పుస్తకాల అటక ఖాళీ అయిపోయినట్టు అప్పుడే కళ్లముందు కనబడింది. గంగప్ప చేయి చాపి, పుస్తకం లాక్కుని, మడత పెట్టిన పేజీ తెరిచాడు. నిలబడే కాసేపు చదివాడు. తరవాత కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

రామప్ప తమ్ముడికి మళ్లీ ఫోన్ కొట్టాక, పదకొండింటికి పుంగనూరు లారీలు వచ్చి చేరాయి.

"అన్నా, లారీలు వచ్చేసినాయి. వేలం..." అని హేమంత్ నసిగాడు.

గంగప్ప పుస్తకంలోంచి తలెత్తలేదు. "యాడొచ్చినాయప్పా? ఇంకా మంచు గడ్డకట్టిన సరస్సు మిందనే ఉండాయి. వేలం నువ్వే సూసుకో, పో."

హేమంత్ ఉద్యోగం నిలిచింది. పుస్తకం మాత్రం తిరిగి రాలేదు. అశ్విని వారం రోజులు అతనితో మాట్లాడలేదు. పది కిలోల టమాటా కొనిపించినందుకు కాదు, ఆ లారీలు సరస్సు దాటాయో లేదో చెప్పనందుకు.