పదమూడు కిలోల అబద్ధం

ఆ ఉదయం తూకాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే విమానం ఎక్కాలి, కొత్త తూకం యంత్రాన్ని పని చేయించి చూపించాలి, సాయంత్రానికి ఇల్లు చేరాలి. ఇరవై రెండేళ్లుగా ఫ్యాక్టరీలో ప్రతి యంత్రాన్నీ పరీక్షించి ముద్ర వేసేది ఆయనే కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. నలభై గోదాములున్న ఒక పెద్దావిడ యంత్రాలు చూస్తానని, అందుకు తన సొంత విమానమే పంపుతానని కబురు చేసింది. ఈ బేరం కుదరకపోతే ఫ్యాక్టరీకి తాళమేనని ఓనరు నెల రోజులుగా అంటూనే ఉన్నాడు.

తూకాలాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఉండగా ఫోనులో ఒక ఫారం వచ్చింది. చిన్న విమానం కాబట్టి ఎక్కేవాళ్ల బరువు రాసి పంపమన్నారు. భార్య భుజం మీదుగా తొంగి చూసింది.

"డెబ్భై ఎనిమిదేగా, రాసెయ్యండి."

ఆయన ఇంట్లో తూకం లేదు. ఆరు నెలలుగా రోజూ సాయంత్రం నడకకి తరిమే భార్యకి, నెలకోసారి ఫ్యాక్టరీ నుంచి తగ్గిన అంకె ఒకటి పట్టుకొచ్చి చెబుతుంటాడు. ఆ నడక వీధి చివరి బేకరీ దాకానే సాగుతుందని ఆవిడకి తెలియదు. అసలు బరువు తొంభై ఒకటి. ఆవిడ అక్కడే నిలబడి ఉంది కాబట్టి డెబ్భై ఎనిమిది అని రాసి పంపేశాడు.

యంత్రంలో ఐదు గ్రాముల తేడా వచ్చినా ముద్ర వెయ్యని మనిషి, పదమూడు కిలోల తేడాతో గాల్లోకి లేవబోతున్నాడు. విమానం కూలితే పాపం ఎవరిది? గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే యంత్రాన్ని పరీక్షించి చూపడానికి తెచ్చిపెట్టుకున్న తూకపు రాళ్ల పెట్టె కాలికి తగిలింది. లోపల పది కిలోల రాయి, రెండు కిలోలది, కిలోది. ఆ పదమూడూ ఇంట్లో వదిలేస్తే లెక్క సరిగ్గా సరిపోతుంది. అక్కడ తూచడానికి ఏదో ఒకటి దొరక్కపోదులే అనుకుని, పెట్టెని మంచం కిందికి తోసేశాడు.

అలవాటు కొద్దీ మూడు గంటల ముందే వెళ్లి విమానాశ్రయం పెద్ద గేటు దగ్గర వరుసలో నిలబడ్డాడు. టికెట్ ఏదని కాపలావాడు అడిగితే ఫోనులోని ఫారం చూపించాడు. వెనకవైపు చిన్న భవనానికి వెళ్లమన్నారు. అక్కడ వరుసా లేదు, కౌంటరూ లేదు, ఒక సోఫా ఉంది. మీరొచ్చాకే విమానం కదులుతుంది, పావుగంట ముందొస్తే చాలని అక్కడి అమ్మాయి మర్యాదగా చెప్పింది. ఓనరు యంత్రంతో సహా సరిగ్గా పావుగంట ముందే వచ్చాడు.

పైలెట్ స్వయంగా చెయ్యి కలిపి సంచీ అందుకున్నాడు. విమానం లోపల నిటారుగా నిలబడబోయి తూకాలాయన తల బొప్పి కట్టించుకున్నాడు. ఆ తర్వాత కూడా మెత్తటి సీటులో పూర్తి బరువు వెయ్యకుండా అంచునే కూర్చున్నాడు. మబ్బుల్లో కుదుపు వచ్చినప్పుడల్లా కాళ్లు నేలకి ఆనించకుండా పైకెత్తి పట్టుకున్నాడు.

గోదాములో యంత్రం బిగించాక ఓనరు రాళ్ల పెట్టె అడిగాడు. ఇంట్లో ఉండిపోయిందని తెలిసి తల పట్టుకున్నాడు. చుట్టూ ఉన్న బస్తాల్లో ఒకటి పెడదామని తూకాలాయన సర్దబోయాడు.

"బస్తా మీద రాసిన బరువు నమ్మేదాన్నయితే తూకం ఎందుకు కొంటాను?" అంది పెద్దావిడ.

ఓనరుకి ఉన్నట్టుండి, సాయంగా సంచీ పట్టుకొచ్చిన పైలెట్ చేతిలోని ఫారాలు కనిపించాయి. మనుషుల బరువులు అందులో ఉన్నాయి కదా అని సంబరపడి, "మీరెక్కండి," అంటూ తూకాలాయనని ముందుకి తోసి తాను రెండడుగులు వెనక్కి వేశాడు.

యంత్రం తొంభై ఒకటి చూపించింది. పైలెట్ కాగితంలో డెబ్భై ఎనిమిది చదివాడు. దారిలో కుదుపులకి లోపల ఏదో కదిలి ఉంటుందని ఓనరు గొణిగాడు.

తల ఊపితే పరువు దక్కేది. కానీ దాని మీద ఉన్నది తన ముద్ర. తూకాలాయనకి నిజంగానే ఏడుపొచ్చింది.

"యంత్రం తప్పు కాదమ్మా. ఫారం తప్పు. రాసేటప్పుడు మా ఆవిడ పక్కనే ఉంది."

అందరూ తగ్గించే రాస్తారని, అందుకే తలకి పదిహేను కిలోలు కలిపే లెక్క వేసుకుంటామని పైలెట్ చల్లగా చెప్పాడు.

"పరువు పోతున్నా తూకాన్ని వెనకేసుకొచ్చే మనిషిని ఇప్పుడే చూస్తున్నాను. నలభై పంపించండి," అంది పెద్దావిడ.

తిరిగి వచ్చేటప్పుడు ఓనరు ఆనందం పట్టలేక, ఫ్యాక్టరీని నిలబెట్టిన యంత్రం మీ ఇంట్లోనే ఉండాలని పట్టుబట్టాడు. వద్దని తూకాలాయన ఎంత బతిమాలినా వినకుండా, దాన్ని కారులో తెచ్చి ఇంట్లో దింపించి, జరిగిందంతా ఆయన భార్యకి పూస గుచ్చినట్టు చెప్పి మరీ వెళ్లాడు.

ఆవిడ మంచం కింద నుంచి పెట్టె లాగి, మూడు రాళ్లూ ఒక్కొక్కటిగా యంత్రం మీద పేర్చింది. పదమూడు చూపించింది.

"యంత్రం బాగానే ఉంది," అంది రాళ్లు దించుతూ. "ఇక మీరెక్కండి."