కునుకు మీద పందెం

ఆ ఉదయం అతని పథకం చాలా చిన్నది. సాయంత్రం దాకా కన్ను మూయకూడదు, అంతే. రంగుల కంపెనీలో కొత్త రంగులకు పేర్లు పెట్టడం అతని పని. 'తడిసిన పావురం', 'అలిగిన గులాబి' అతను పెట్టినవే. అలాంటి పేర్లు కళ్లు మూసుకుంటే తప్ప తోచవు. మూసుకుంటే ఇక ఆ కళ్లు తెరుచుకోవు. అందుకే ఆఫీసులో అందరికీ అతను కునుకుగారు. ఇంకొక్కసారి నిద్రపోతూ దొరికితే ఇంటికి పంపేస్తానని యజమాని ఖరాఖండిగా చెప్పాడు. ఆయన ఆ మధ్యాహ్నమే వస్తున్నాడు.

"ఈ ఒక్కపూట నా మాట వినండి," అంది భార్య, క్యారియర్ చేతికిస్తూ. "భోజనం సగమే పెట్టాను."

ఆఫీసుకు చేరేసరికే పందేలు మొదలైపోయాయి. నడిపిస్తున్నది క్యాషియర్. అంటే పరాయివాడు కాదు, భార్యకు సొంత అన్నయ్యే.

"నిద్రపోతావని కాస్తే ఒక టీకి రెండు, మేలుకుంటావని కాస్తే పది. ఏమీ అనుకోకు బావా, వ్యాపారం!"

కునుకుగారు కాసేపు కిటికీలోంచి మబ్బును చూశాడు. "అయితే నిద్రపోతాననే నా పేర అయిదు టీలు వేసుకో. మేలుకుంటే ఉద్యోగం ఉంటుంది, పడుకుంటే టీలైనా మిగులుతాయి."

అతని దృష్టిలో అది బీమా. ఆఫీసు దృష్టిలో లోపలి సమాచారం.

"పడుకోబోయే మనిషే కాశాడంటే ఇంకేం కావాలి!" అంటూ టైపిస్టు ఇరవై కాసింది. సేల్స్ మేనేజరు ఏకంగా వంద కాశాడు. క్యాషియర్ మేలుకునే వైపు ధరను పది నుంచి ముప్పైకి పెంచినా అటు తొంగిచూసినవాడు లేడు. బావ కునుకు తీస్తే తన జీతమంతా టీకొట్టుకే పోతుందని తెలిసి అతనికి ముచ్చెమటలు పోశాయి.

భోజనాలయ్యాక టైపిస్టు నీలం కర్టెన్లు లాగింది. మేనేజరు కారులోంచి దిండు తెచ్చాడు. అకౌంటెంటు జోలపాటలా కూనిరాగం అందుకున్నాడు. క్యాషియర్ మాత్రం "మా చెల్లెలి మొహం చూసైనా మేలుకో బావా!" అని చెవిలో పోరుతూనే ఉన్నాడు.

గదంతా నీలంగా, మెత్తగా అయిపోయింది. ఫ్యాను గాలికి రంగుల కాగితాలు చెరువులో చేపల్లా కదులుతున్నాయి. తనకోసం ఇంతమంది ఇంత శ్రద్ధ పడుతున్నారని కునుకుగారికి గుండె నిండిపోయింది. రెప్పలు వాలాయి. సరిగ్గా అప్పుడే ఒక సందేహం వచ్చింది. ఉద్యోగం పోయాక, గెలిచిన టీలు తాగడానికి తనను గేటు లోపలికి రానిస్తారా?

ఆ సందేహంతో నిద్ర ఎగిరిపోయింది. ఎంతసేపు ఆలోచించినా జవాబు దొరకలేదు. ఈలోగా కూనిరాగం దానంతటదే ఆగిపోయింది. టైపిస్టు మిషను మీద వాలింది. మేనేజరు తన దిండును తనే కావలించుకున్నాడు. పోరి పోరి అలసిన క్యాషియర్ "మేలుకో బా..." అంటూ గురకలోకి జారాడు.

యజమాని తలుపు తీసేసరికి ఆ నీలిమలో కళ్లు తెరిచి ఉన్నవాడు ఒక్కడే.

"ఏం చేస్తున్నారు?" తెలియకుండానే ఆయన గొంతు తగ్గింది.

"ఆలోచిస్తున్నానండీ."

ఆయన అక్కడికక్కడే అతన్ని అందరి మీదా సూపర్వైజరును చేశాడు.

సాయంత్రం సంగతి విని భార్య కళ్లు సంతోషంతో చెమర్చాయి. అతను మాత్రం తల దించుకున్నాడు. "నీ దగ్గర దాచడమెందుకు? నేను నిద్రపోతానని నేనే అయిదు టీలు కాశాను."

"మీమీద మీకే నమ్మకం లేకపోతే ఎలాగండీ?" అని ఆవిడ గట్టిగానే మొదలుపెట్టి, మధ్యలో ఆగి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"పొద్దున నేనూ అన్నయ్యకు ఫోన్ చేశాను లెండి. నావీ నిద్ర మీదే, పాతిక."