మబ్బు లేని వాన

ఆ ఉదయం ఇంజినీరుగారు పెట్టుకున్న పని ఒక్కటే. పదింటికల్లా వాన లేని రోజు లెక్క ఆఫీసుకు పంపాలి. ఉపగ్రహం నుంచి వచ్చే రేడియో సంకేతం వానలో ఎంత నీరసిస్తుందో కొలవడానికి ఆయన ఇంటి డాబా మీదే పెద్ద గిన్నె యాంటెనా పెట్టించాడు. వానలెక్కలు గంపలకొద్దీ పోగయ్యాయి. పోల్చి చూడ్డానికి ఈ వానాకాలపు ఎండలెక్కే లేదు. మూడు వారాల ముసురు తర్వాత ఇవాళే ఎండ కాసింది. ఇవాళ కూడా లెక్క రాకపోతే గిన్నె ఊడబీక్కుపోతానని ఆఫీసు చీఫ్ తెగేసి చెప్పాడు. పోతే రెండేళ్ల కష్టం గంగపాలే.

కంప్యూటర్ తెర మీద వెలుగు పడకుండా కిటికీలన్నీ బిగించి ఆయన కింది గదిలో కూర్చున్నాడు. తొమ్మిదింబావుకు తెర మీద సంకేతం బలం చూపే గీత దభాలున కిందపడింది. డాబా మీది వాన కొలిచే డబ్బా కూడా పన్నెండు మిల్లీమీటర్లని కబురంపింది. రెండు యంత్రాలు ఒక్కమాట మీదుంటే ఇక కిటికీ తీసి చూడటం దేనికి?

"సార్, ఇక్కడ కుండపోత!" అని చీఫ్‌కు ఫోన్ కొట్టాడు.

"ఇక్కడ ఎండ మాడ్చేస్తోంది! మీ ఇల్లేమన్నా వేరే లోకంలో ఉందా?"

"యంత్రం అబద్ధమాడదు సార్."

"ఆగు, నేనే వస్తున్నా!"

కుండపోత అన్న మాట చెవిన పడగానే ఆయన భార్య పెరట్లోకి ఉరికి ఆరేసిన బట్టలు లాగేసింది. ఆమెను చూసి పక్కింటావిడ, ఆవిడను చూసి ఎదురింటావిడ. పది నిమిషాల్లో వీధిలో ఒక్క తీగ మీదా గుడ్డ లేదు. మండుటెండలో ఎందుకైనా మంచిదని రెయిన్‌కోటు తొడుక్కుని, చెమటలు కక్కుతూ చీఫ్ దిగాడు.

"ఏదయ్యా వాన?"

ఇంజినీరు మెట్ల వైపు దారి తీశాడు. ఇద్దరూ డాబా ఎక్కారు. అక్కడ అత్తగారు నడుం బిగించి, గొట్టంతో గిన్నెకు తలంటు పోస్తోంది.

"అత్తయ్యా! ఏంటిది?"

"కనపట్లా బాబూ? ముసుర్లో కాకులు దీని మొహమంతా పాడుచేశాయి. ఎవరన్నా చూస్తే మన పరువేం కాను? ఆ డబ్బా కూడా కడిగిపెట్టా."

"నా కొంప ముంచారు!"

"నేను కడిగింది గిన్నె. కొంప జోలికి పోలేదు."

పిడుగు ఎవరి నెత్తిన పడుతుందోనని ఇంజినీరు కళ్లు మూసుకున్నాడు. చీఫ్ మాత్రం గిన్నె మీది నీటిబొట్లకేసి కొంగలా చూస్తున్నాడు.

"ఆకాశం నుంచి చుక్క రాల్లేదు. అయినా సంకేతం ఇంత పడిందా? అంటే ఇన్నాళ్లూ మబ్బుల మీద మోపిన నేరంలో సగం ఈ గిన్నె మొహం మీది తడిదేనా!"

"తుడిచెయ్యనా?" అంది అత్తగారు భయంగా.

"వద్దమ్మా, వద్దు! మళ్లీ పొయ్యండి. ఈసారి మెల్లగా, జల్లులా. నువ్వు కిందికెళ్లి గీత చూడవయ్యా!"

మధ్యాహ్నానికి గిన్నె ఆరింది, ఎండలెక్కా దొరికింది. గిన్నె మరో రెండేళ్లు అక్కడే ఉండాలని సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది.

ఆ ఏటి నివేదికలో మబ్బులకు రెండు పేజీలు దక్కాయి, అత్తగారికి పదకొండు.