పెళ్ళి ఫోటో వెనక హెచ్చరిక

ఆ రోజుకి నార్బర్ట్ లిండాల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే విమానాలుంచే షెడ్డుకి, అంటే హ్యాంగరుకి వెళ్ళడం, తొమ్మిదేళ్ళపాటు ఇంటి గ్యారేజీలో తన చేతులతో కట్టుకున్న రెండు సీట్ల విమానాన్ని ఇన్స్పెక్టరుకి చూపించడం, ఎగరడానికి అనుమతి పత్రం పుచ్చుకుని సాయంత్రానికల్లా ఇల్లు చేరడం. ఇవాళ పత్రం చేతికి రాకపోతే మళ్ళీ ఏప్రిల్ నెలే. విస్కాన్సిన్‌లో ఒకసారి మంచు మొదలైందంటే ఆ గడ్డి రన్‌వే మీద కుందేళ్ళు తప్ప ఏవీ పరిగెత్తవు. నార్బర్ట్‌కి డెబ్బై రెండేళ్ళు. ఏప్రిల్‌కి కళ్ళ డాక్టరు ఏమంటాడో ఎవరికి తెలుసు?

అతని భయం ఇన్స్పెక్టరంటే కాదు, భార్య ఆర్డిస్ అంటే. ఆవిడ కిరాణాకొట్లో సూపు డబ్బా వెనక రాసినదంతా చదివి, సగం డబ్బాలు తిరిగి అరలోనే పెట్టే మనిషి. ఆ రోజు భోజనం పట్టుకొచ్చి మొట్టమొదటిసారి విమానంలో కూర్చుని చూస్తానంది. ఆవిడ కూర్చోబోయే సీటుకి ఎదురుగా, నియమం ప్రకారం, ఒక రేకు పలక ఉండి తీరాలి. దాని మీద ఎర్ర అక్షరాలతో ఇలా రాసి ఉంది: "ప్రయాణికులకు హెచ్చరిక. ఈ విమానం అమెచ్యూర్లు, అంటే వృత్తిగా కాక సరదాకి చేసేవాళ్ళు, కట్టినది. మామూలు విమానాలకుండే ప్రభుత్వ భద్రతా నియమాలకు ఇది సరిపోదు."

ఆవిడ అది చదివిందా, ఇక ఈ జన్మలో విమానం ఎక్కదని నార్బర్ట్‌ నమ్మకం. అందుకని ముందురోజే ఆ పలక మీద తమ పెళ్ళి ఫోటో అంటించాడు. ఇన్స్పెక్టరు వచ్చే ముందు పీకేసి, భోజనం వేళకి మళ్ళీ అంటించాలని ఎత్తు. ఎత్తు బాగానే ఉంది కానీ, దరఖాస్తులో హ్యాంగరు చిరునామాకి బదులు ఇంటి చిరునామా రాశాడు. ఇన్స్పెక్టరు ప్రోకాప్ తిన్నగా ఇంటికెళ్ళి తలుపు తట్టాడు. ఆర్డిస్ ఆయనకి కాఫీ ఇచ్చి, దారి చూపిస్తానని ఆయన కారెక్కింది. ఇద్దరూ కలిసి అనుకున్నదానికన్నా ముందే హ్యాంగరు దగ్గర దిగేసరికి, ఫోటో పీకే వ్యవధి నార్బర్ట్‌కి దొరకలేదు.

ప్రోకాప్ నలభై ఏళ్ళ మితభాషి. టార్చిలైటు, చిన్న అద్దం పట్టుకుని రెక్కల కింద దూరి, తోక దగ్గర లేచాడు. ఎక్కడా వంక కనిపించలేదు. చివరికి లోపల కూర్చుని ఫోటో వైపు చూశాడు.

"ఫోటో బాగుంది. దీని వెనకేముంది?"

"ఏమీ లేదండి. గోడ మీద ఉండే ఫోటోనే, తెచ్చి ఇక్కడ పెట్టాను" అన్నాడు నార్బర్ట్.

"హెచ్చరిక పలక లేకపోతే పత్రం ఇవ్వను. నేనిక బయల్దేరొచ్చు."

నార్బర్ట్ ఫోటో పీకాడు. ఆర్డిస్ కళ్ళజోడు పెట్టుకుని, తల లోపలికి దూర్చి, పలకని ఒకటికి రెండుసార్లు చదివింది. నార్బర్ట్ కళ్ళు మూసుకున్నాడు.

"ఎవరయ్యా అమెచ్యూరు?" అంది ఆవిడ ప్రోకాప్ వైపు తిరిగి. "చూడు నాయనా, నీ కళ్ళతో నువ్వే చూశావుగా. ఈ అతుకులు చూడు, ఎంత నున్నగా ఉన్నాయో. ఫ్యాక్టరీలో చేసింది దీని ముందు పనికొస్తుందా? పని వచ్చినవాడి పని ఇది. అమెచ్యూరంట, అమెచ్యూరు."

నార్బర్ట్ కళ్ళు తెరిచాడు. ఆ ప్రాంతంలో 'మరీ చెడ్డగా లేదు' అంటేనే సన్మానం చేసినట్టు. పెళ్ళయిన నలభై ఆరేళ్ళలో అతనికి ఆ సన్మానం కూడా రెండు మూడు సార్లకి మించి జరగలేదు. ఆ పొగడ్త ఇంకాస్త వినాలనిపించింది. అందువల్ల ఆవిడని ఆపలేకపోయాడు.

"ఊళ్ళో ఎవరికేం కావాలన్నా ఈయన దగ్గరికే వస్తారు" అని ఆవిడ ఇంకో మెట్టెక్కింది.

"అంటే వేరేవాళ్ళకి కూడా కట్టిపెడతారా?" అన్నాడు ప్రోకాప్, చేతిలో అద్దం కింద పెట్టి.

సరిగ్గా అప్పుడే పక్క హ్యాంగరు డ్వేన్ లోపలికొచ్చాడు. ఇన్స్పెక్టరు ముందు తన పని గురించి ఓ మంచి మాట వెయ్యమని నార్బర్టే అతన్ని వారం రోజులుగా బతిమాలుతున్నాడు. "ఇది ఇంట్లో కట్టిందంటే నేనైతే నమ్మను సార్" అన్నాడు డ్వేన్ హుషారుగా. "డబ్బు పోసి పెద్ద షాపులో చేయించినట్టుంది."

ప్రోకాప్ టార్చిలైటు ఆర్పేశాడు. "నేనూ అదే అనుకుంటున్నాను. సగానికి పైగా అమెచ్యూర్లే కట్టి ఉంటేనే ఈ పత్రం ఇవ్వగలను. పని తెలిసినవాళ్ళకి డబ్బిచ్చి కట్టిస్తే కుదరదు. దరఖాస్తుతో మీరు పంపిన ఫోటోలు చూశాను. అన్నిట్లోనూ పూర్తయిన ముక్కలే ఉన్నాయి. పని చేస్తున్న మనిషి ఒక్కదాంట్లోనూ లేడు."

పని చేస్తున్నప్పుడు తన అవతారం ఎవరూ చూడకూడదని నార్బర్ట్ తను కనిపించే ఫోటోలన్నీ తీసేశాడు.

"నేను అమెచ్యూర్నేనండి, ఒట్టు" అన్నాడు.

"నువ్వు నోరు ముయ్యి" అంది ఆర్డిస్. పొగిడి కొంప ముంచానని ఆవిడకి అప్పుడు తెలిసొచ్చింది. కోటు గుండీలు విప్పి, చేతులు నడుముకి ఆనించింది. "నాయనా, ఇలా రా."

ఆవిడ తిన్నగా హ్యాంగరు మూలకి నడిచి, టార్పాలిన్ పట్టుకుని ఒక్క లాగు లాగింది. అది ఆవిడ కంట పడకూడదని నార్బర్ట్ ఏళ్ళ తరబడి గ్యారేజీలో దాచి, తర్వాత ఇక్కడికి చేరవేసిన గుట్ట. వంకర రేకులు, విరిగిన రెక్క బద్దలు, తప్పు చోట బెజ్జాలు పడ్డ పలకలు.

"ఇవి ఫ్లాపులు, రెక్క వెనకంచున పైకీ కిందికీ ఆడే రేకులు. ఒకటి కుడివైపుకి, ఒకటి ఎడమవైపుకి ఉండాలా? ఈయన రెండూ ఎడమవైపువే చేశాడు. ఏడాది పట్టింది. రెండో ఏడాది కుడిది చేద్దామని కూర్చుని మూడో ఎడమది చేశాడు."

"నీకెలా తెలుసు?" అన్నాడు నార్బర్ట్ నీరసంగా.

"వంటింటి గోడ అవతలేగా నీ గ్యారేజీ. తొమ్మిదేళ్ళు నీ తిట్లు వింటూ కూరగాయలు తరిగాను. ఈ గుట్టని ఇక్కడికి మోసుకొచ్చినప్పుడు కిటికీలోంచి చూశాను." ఆవిడ మళ్ళీ ప్రోకాప్ వైపు తిరిగింది. "ఇంకా విను నాయనా. చక్రాలు, తోక అన్నీ బిగించాక బయటికి తోశాడు. గ్యారేజీ గుమ్మంలో పట్టలేదు. విమానం కట్టినవాడు గుమ్మం కొలుచుకోలేదు. గోడ పగలగొట్టాం. నాకు పెద్ద కారు కావాలని నేనే పగలగొట్టించానని ఊరందరికీ చెప్పాను. ఇప్పటికీ నాకు పెద్ద కారు లేదు."

డ్వేన్ నోరు తెరిచాడు. "ఒరేయ్ నార్బర్ట్, ఆ గోడ అందుకా పోయింది?"

నార్బర్ట్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఇన్స్పెక్టరు ముఖంలో మబ్బు విడుతున్నట్టు గమనించి తనూ అందుకున్నాడు. "రెండో ఏడాది నా చొక్కా చేతిని కూడా రెక్కకి కలిపి బిగించేశానండి. కత్తిరించుకుని బయటపడ్డాను. ముక్క ఇంకా లోపలే ఉంది."

ప్రోకాప్ వంగి రెక్క సందులోకి టార్చి వేశాడు. గళ్ళ చొక్కా గుడ్డ కనిపించింది. ఆయన చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. లేచి, ముఖం సరిచేసుకుని, విమానం ముక్కు మీదే పత్రం పెట్టి సంతకం చేశాడు.

"సందేహం లేదు" అన్నాడు. "మీరు అచ్చమైన అమెచ్యూర్లు."

నార్బర్ట్ ఆ పత్రాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. చేతకానివాడని ప్రభుత్వం రాసిచ్చినందుకు అంత పొంగిపోయిన మనిషిని డ్వేన్ అంతకుముందు చూడలేదు. ప్రోకాప్ సామాను సర్దుకుని కారు వైపు నడిచాడు.

ఆర్డిస్ జాగ్రత్తగా ఎక్కి తన సీటులో కూర్చుంది. పెళ్ళి ఫోటోని పలక మీద కాకుండా దాని పక్కన అంటించింది. నార్బర్ట్ పక్క సీటులో చేరి అడిగాడు.

"ఇందాక అన్నావే, ఫ్యాక్టరీ పని కూడా దీని ముందు పనికిరాదని. నిజంగానే అనుకున్నావా?"

ఆర్డిస్ కిటికీలోంచి బయటికి చూసింది.

"ఆయన కారు మలుపు తిరిగేదాకా ఆగవయ్యా."